అత్త గ్లాసులో పన్నెండు గంటల గోలీ

మా మేనత్త దేన్నైనా నమ్మాలంటే ముందు దాన్ని నీళ్లలో వేసి చూడాలి. యూరియా బస్తా ఇంటికి రాగానే పిడికెడు తీసి స్టీలు గ్లాసులో వేసి వేలితో తిప్పేది. అంతా కరిగి గ్లాసు చల్లబడితే అది అసలు. అడుగున ఏమైనా మిగిలితే నకిలీ, ఇక ఆ పూట ఎరువుల దుకాణం వాడి తాతముత్తాతలు కూడా మా వాకిట్లో తిట్లు తినాల్సిందే. తేనె, టీ పొడి, పసుపు, మా నాన్న భద్రాచలం నుంచి తెచ్చిన కుంకుమ, అన్నీ ఆ గ్లాసు దాటుకునే ఇంట్లోకి రావాలి. నన్ను చూడ్డానికి వచ్చిన పెళ్లివారిని కూడా వీలుంటే అందులో వేసి తిప్పేదేమో.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. మా ఊరు ఏన్కూరు దాటాక అడవి అంచున ఉంటుంది. మామయ్య పోయాక అత్త పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చి, సేద్యమంతా తన నెత్తిన వేసుకుంది. మా నాన్నది మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగం. చేలో ఏం వేశారని ఎవరైనా అడిగితే అక్కను కనుక్కుని చెప్పేవాడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఒకసారి అత్త పత్తి పెట్టింది. విత్తనాల ప్యాకెట్ మీద బత్తాయిలంత కాయలతో రంగుల బొమ్మ ఉంది. చెట్లు ఆమె తలకంటే ఎత్తు పెరిగాయి. పూత పూసింది, రాలింది, కాయ మాత్రం కట్టలేదు. దారిన పోయే ప్రతివాడూ ఆగి "చేను మస్తుగ పెరిగింది" అని మెచ్చుకుని పోయాడు. ఆ ఏడు మాకు పండింది ఆ మెచ్చుకోలు ఒక్కటే.

మిగతా రైతులతో కలిసి అత్త ఖమ్మం వెళ్లి ఆఫీసు ముందు కూర్చుంది. లోపలి నుంచి ఒక అధికారి వచ్చి, విత్తనం నకిలీదనడానికి రుజువేదమ్మా అని అడిగాడట. రుజువు చేలోనే ఉంది వచ్చి చూడండి అంటే, చెట్లు బాగానే పెరిగాయి కదా, ఇంకేం కావాలి అన్నాడట. ఆ రోజు నుంచి ఆమెకు అచ్చు వేసిన మాట మీదా, దాన్ని చదివి వినిపించేవాళ్ల మీదా నమ్మకం పోయింది. చేతిలో గ్లాసు మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను అచ్చు వేసిన మాటల కోసం ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఎం.ఫార్మసీ చదువుతున్నాను. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఏ గోదాం ఖాళీ అయినా అది ఫార్మసీ కాలేజీ అయ్యేది. మాది అంతకుముందు పత్తి గోదాం. ల్యాబ్ కిటికీల మూలల్లో ఇంకా దూది పింజలు వేలాడుతుండేవి. గాలి మార్కెట్ యార్డు వైపు నుంచి మళ్లితే మిర్చి ఘాటుకు క్లాసంతా ఒక్కసారి తుమ్మేది. గోలీ కడుపులో ఎంతసేపటికి కరుగుతుందో చూసే మిషన్ ఒకటి ఉండేది, గాజు పాత్రలు, వాటిలో తిరిగే తెడ్లతో. అది మాకూ ఇంకో రెండు కాలేజీలకూ ఉమ్మడి ఆస్తి. ఎక్కడ ఇన్‌స్పెక్షన్ ఉంటే అక్కడికి ట్రాలీ ఆటోలో వెళ్లేది. మా ప్రయోగాలు దాని ప్రయాణాలను బట్టి నడిచేవి.

మా గైడ్ సారు కోస్తా వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా పెద్ద మాటలు. ఏదో విదేశీ పత్రికలో 'సుప్రామాలిక్యులర్ బయోమెటీరియల్' అన్న మాట చూసి వచ్చాడు. వారం తిరక్కుండా అది నా థీసిస్ నెత్తిన పడింది. మొత్తం పేరు ఇది: 'తపసి బంకతో సుప్రామాలిక్యులర్ బయోమెటీరియల్ తయారీ, నియంత్రిత ఔషధ సరఫరాలోనూ భావి రోగనిరోధక చికిత్సలోనూ దాని పాత్ర'. హాస్టల్లో దాన్ని ఒక్క ఊపిరిలో చదవగలమా అని పందాలు వేసుకునేవాళ్లం.

"సారూ, రోగనిరోధక చికిత్స మనం చెయ్యట్లేదు కదా" అన్నాను.

"అందుకే గదమ్మా 'భావి' అని పెట్టింది" అన్నాడాయన. "ఆ ఒక్క మాట ఉంటే ఎవడూ ఏమీ అడగడు."

అడగరని నాకూ తర్వాత అర్థమైంది. భవిష్యత్తును ఇన్‌స్పెక్షన్ చేసే కమిటీ ఇంకా పుట్టలేదు.

అయితే ఆ పెద్ద మాట వెనకున్న విషయం మాత్రం నాకు నిజంగా నచ్చింది. మామూలుగా అణువులు ఒకదానికొకటి గట్టిగా బిగిసి ఉంటాయి. ఇందులో అలా కాదు. పెద్ద పెద్ద అణువులు ఊరికే చేతులు పట్టుకుని ఒక వలలా నిలబడతాయి. నీళ్లు తగిలితే ఆ వల ఉబ్బి జిగురవుతుంది. లోపల ఉన్న మందు ఆ జిగురులో ఇరుక్కుని, సందు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి చూడండి, వాటికి మందు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఒళ్లంతా రచ్చ చేస్తాయి, కొద్దికొద్దిగా అందిస్తే దారికొస్తాయి. అందుకని రోగనిరోధక చికిత్స చేసేవాళ్లు కూడా ఇలాంటి నిదానమైన జిగురు కోసమే వెతుకుతున్నారని సారు పత్రికలో ఉంది. సారు దాన్ని 'భావి'లో కలిపేశాడు.

బంక కోసం నేనే భద్రాచలం బస్సెక్కాను. అడవి ఊళ్లలో కోయవాళ్లు తపసి చెట్టుకు గాటు పెట్టి, కారిన బంక ఎండాక ఏరి తెస్తారు. దాన్ని కొనే డిపోలో గుమాస్తా ఒక పొట్లం కట్టిస్తూ "ఏం చేస్తరు మేడమ్ దీంతోటి?" అని అడిగాడు. నేను థీసిస్ పేరు మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని "మంచిదే. మాకు తెలిసి ఐస్‌క్రీమ్ల కలుపుతరు" అని పొట్లం చేతికిచ్చాడు.

ఆ బంక పొడిలో ఊపిరి గొట్టాలను వదులు చేసే ఆస్తమా మందు కలిపి గోలీలు చేయాలి. ఆ మందే ఎందుకంటే, సారు బీరువాలో గడువు దాటకుండా ఉన్నది అదొక్కటే. గోలీ పన్నెండు గంటలు నిలవాలి. చేత్తో తిప్పే మిషన్ మీద గోలీలు ఒత్తి, ప్రయాణాల నుంచి వచ్చిన పరీక్ష మిషన్‌లో వేస్తే, గంటన్నరకే ముక్కలై నీళ్లలో కలిసిపోయేవి. నిలబడి చేతులు పట్టుకోవాల్సిన అణువులు ఎవరి దారిన అవి పోయేవి. బంక మార్చాను, పాళ్లు మార్చాను, మిషన్ బిగించాను. నా గోలీలో మందు విస్తరి వేయకముందే చెప్పులేసుకునే చుట్టంలా ఉండేది. సారు మాత్రం ముందుగానే థీసిస్ సారాంశం రాయించి, 'పన్నెండు గంటలు' అని టైపు చేయించి పెట్టాడు. గోలీ ఎప్పటికైనా ఆ అంకె అందుకుంటుందని ఆయన ధీమా.

ఇంట్లో అత్తకు ఆస్తమా ముదిరింది కూడా ఆ చలికాలమే. ఏళ్ల తరబడి మిర్చి కల్లంలో కూర్చుని కాయలు ఏరిన మనిషి. ఆ ఘాటును శత్రువనుకుని ఆమె ఒంట్లోని కాపలా కణాలు ఊపిరి గొట్టాల్లోనే కర్రలు తీశాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గోడ పట్టుకుని, పిల్లిపిల్ల లోపల అరిచినట్టు ఊపిరి లాగేది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు వచ్చినప్పుడల్లా ఒక సూది వేసి పోయేవాడు. సూది నొప్పి పెడుతుంది గనుక అత్తకు ఆయన మీద గురి. చివరికి నేను బలవంతంగా ఖమ్మంలో ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నోటితో పీల్చే మందు ఒకటి, పూటకొకటి చొప్పున వేసుకునే గోలీలూ రాసిచ్చింది. పీల్చే మందును అత్త బస్టాండులోనే కొట్టిపారేసింది.

"గాలి పీల్చుడుకు గాలి కొనుడేంది?" అంది.

గోలీలు మాత్రం ఇంటికొచ్చాయి. ఒక గోలీ పన్నెండు గంటలు పనిచేస్తుందని నేను గట్టిగా చెప్పి హాస్టల్‌కు వెళ్లిపోయాను. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో నాకు ఆస్పత్రిలోగానీ తెలియలేదు. తెలిసినంత వరకు వరసగా చెప్తాను.

పొద్దున్నే అత్త ఒక గోలీని గ్లాసులో వేసి చేనుకు పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే అది కరగలేదు. ఉబ్బి, చుట్టూ జిగురు పట్టి, నడిమధ్యలో తెల్లగా అలాగే కూర్చుని ఉంది. యూరియా లెక్కన చూస్తే ఇంతకంటే రుజువు అక్కర్లేదు. నా థీసిస్ మొత్తం దేనికోసం పాకులాడుతోందో అది మా ఇంటి గ్లాసులో నిక్షేపంగా జరిగితే, అత్త దానికి నకిలీ అని ముద్ర వేసింది. పారెయ్యడానికి మనసొప్పలేదు, డాక్టరమ్మ ఇచ్చింది కదా. కరగని దాన్ని కరిగేట్టు చేస్తే సరిపోతుందని మా అమ్మతో ఆలోచన చేసింది. మా అమ్మ అల్లం దంచే చిన్న రోట్లో దాన్ని మెత్తగా నూరి తేనెలో రంగరించింది.

అంటే పన్నెండు గంటలు కొద్దికొద్దిగా రావాల్సిన మందు ఒక్క నాకుడులో కడుపులోకి పోయింది. కాసేపటికే చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, కడుపులో తిప్పింది. అత్తకు పట్టరాని సంతోషం. వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లకు చెయ్యి చాపి ఆ వణుకు చూపించేదట. నాకు ఫోన్‌లో కూడా చెప్పింది: "మందు మస్తు పంజేస్తుంది బిడ్డా. దిగుతుంటే తెలుస్తుంది." నూరిన సంగతి మాత్రం చెప్పలేదు, అదొక విశేషమని ఆమెకు తోచలేదు. మందంతా పొద్దున్నే ఖర్చయిపోయి మధ్యాహ్నానికి మళ్లీ ఆయాసం వచ్చేది. అప్పుడు ఇంకొకటి నూరేవాళ్లు.

కాయలు కల్లానికొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్త మిర్చి రాశి పక్కనే వాంతులు చేసుకుని పడిపోయింది. కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడ్డాయట. పక్క చేను వాళ్ల ట్రాలీ ఆటో అప్పుడే యార్డుకు బయల్దేరుతుంటే అందులోనే వేసుకొచ్చారు. ఆస్తమా మనిషిని ఖమ్మం దాకా మిర్చి బస్తాల మధ్య కూర్చోబెట్టి తెచ్చిన ఘనత మా కుటుంబానిది. పైగా దుమ్ము పడకుండా పైన పట్టా కూడా కప్పారు.

నేను ఆస్పత్రికి పరిగెత్తుకుని వెళ్లేసరికి ఆమె మంచం మీద సగమై ఉంది. గుండె కొట్టుకోవడం జాకెట్ మీద నుంచి కనబడుతోంది. డాక్టరమ్మ అడిగింది, "గోలీ ఎట్లా వేస్తున్నారమ్మా?"

మా అమ్మ ముందుకొచ్చి, చుట్టాలకు వంట గురించి చెప్పినట్టు చెప్పింది: "మెత్తగ నూరి, తేనెల రంగరించి ఇస్తున్నమమ్మా. ఒక్క పలుకు గూడ ఉండనియ్య."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మా నాన్న ఆ మౌనాన్ని మెచ్చుకోలు అనుకుని కొంచెం నవ్వాడు కూడా. ఆమె తేరుకుని, పన్నెండు గంటల మందు ఒక్కసారి పోశారని, ఇంకో నాలుగు రోజులు ఇలాగే చేసి ఉంటే మనిషి దక్కేది కాదని చెప్పింది. "అట్లాగని మానేసినా దక్కదు. ఈ మిర్చి కాలం గడిచే దాకా ఈమె ఊపిరి ఈ గోలీ మీదే. గోలీ గోలీలాగే మింగాలి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఫార్మసీ కదా?" అంది. అవునన్నాను. ఆమె మళ్లీ పెన్ను అందుకుంది.

నాకు అందరి మీదా ఒళ్లు మండింది. అమ్మ రోలు మీద, నాన్న నవ్వు మీద, ఆ పత్తి విత్తనాలు అమ్మినవాడి మీద కూడా. కానీ కోపం కంటే భయం ఎక్కువగా వేసింది. చిన్నప్పుడు నాకు తల దువ్వింది అత్తే. ఆడపిల్లను ఖమ్మంలో ఉంచి చదివించడమేంటని నాన్న వెనకాడితే ఆయనతో నెల రోజులు మాట్లాడకుండా ఉండి నన్ను పంపించిందీ అత్తే. ఆమె ఊపిరి ఆగిపోతే నాకు ఆ ఇంట్లో ఎవరున్నట్టు?

ఇంటికి తెచ్చాక గోలీ, నీళ్లూ చేతికిచ్చాం. ఆమె గోలీని అరచేతిలో పెట్టుకుని చూసి నాకు తిరిగిచ్చేసింది.

"డాక్టరమ్మ చెప్పింది కదత్తా, నూరొద్దని."

"నూరద్దంటే నూరను. మింగను గూడ మింగను. పొద్దంత నీళ్లల్ల నానబెడితే కరగంది, నా కడుపుల కరుగుతదా? కడుపుల రాయేసుకోను."

అమ్మ బతిమాలింది, నాన్న గద్దించబోయి ఆమె చూపు చూసి మానేశాడు. రెండు పూటలు అలాగే గడిచాయి. పిల్లిపిల్ల మళ్లీ అరవడం మొదలైంది. మూడో పూట నేను ఏడుపు మొహంతో మళ్లీ గోలీ పట్టుకెళితే ఆమె నా గదవ పట్టుకుని, ఊపిరి ఎగబీల్చుకుంటూ అంది:

"నువ్వు గూడ గీ మందే చేస్తున్నవంటివి గద కాలేజీల. నువ్వు చేసింది తే. నీదైతే మింగుత. రాయైనా మింగుత."

ప్రపంచంలో అచ్చు వేసిన దేన్నీ నమ్మని మనిషి నన్ను నమ్ముతోంది. నమ్ముతున్నదేమో గంటన్నరకు ముక్కలయ్యే గోలీని. ఆమెకిస్తే రోలు చేసిన పనే కడుపులో అది చేస్తుంది. నా సంచీలో సారుకు చూపించడానికి తెచ్చుకున్న గోలీలు ఉన్నాయి. ఆమె భాషలోనే మాట్లాడదామని, ఒకటి ఒక గ్లాసులో, కంపెనీ గోలీ ఇంకో గ్లాసులో వేసి, పొద్దున టిఫిన్లప్పుడు ఆమె మంచం పక్కన స్టూలు మీద పెట్టాను.

నేను ఒక్క విషయం మరిచిపోయాను. ఆ గ్లాసుల పరీక్షలో పాసయ్యేది నాదేనని.

పది దాటకముందే నా గోలీ విడిపోయి నీళ్లు మజ్జిగ తేటలా అయ్యాయి. కంపెనీది ఉబ్బి జిగురు కప్పుకుని కదలకుండా కూర్చుంది. అత్త మంచం మీద లేచి కూర్చుంది. ఆయాసంలో కూడా గొంతు లేచింది.

"చూసిన్రా! మా పిల్ల చేసింది అసలు! కంపెనోనిది నకిలీ!"

అమ్మ నా తల నిమిరింది. నాన్న ఆఫీసుకు ఫోన్ చేసి, మా అమ్మాయి కంపెనీ మందును ఓడించిందని చెప్పేశాడు. పక్కింటి ఇద్దరు వచ్చి రెండు గ్లాసులూ ఎత్తి చూసి తలలూపారు. ఒకావిడ తన మోకాళ్ల నొప్పులకు కూడా ఒకటి చేసిపెట్టమంది. నా చదువుకు నా జీవితంలో అంతటి సన్మానం మళ్లీ జరగలేదు.

"కాదత్తా" అన్నాను. "నాదే నకిలీ. అదే అసలు."

ఎవరూ నమ్మలేదు. నాన్న పక్కింటివాళ్లతో "చదువుకున్నోళ్లు గట్లనే అంటరు" అన్నాడు మురిపెంగా. నేను అణువుల గురించి చెప్పాను, వల గురించి చెప్పాను. సుప్రామాలిక్యులర్ అన్న మాట కూడా వాడాను. అత్త కళ్లు మూసుకుంది. ఆఫీసు ముందు అధికారి మాట్లాడినప్పుడు కూడా అలాగే మూసుకుని ఉంటుంది.

అప్పుడు నాకు డ్రిప్పు పైపులు గుర్తొచ్చాయి. రెండేళ్ల కిందట మిరప చేలో డ్రిప్పు వేయించారు. నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటే అత్తకు ప్రాణం ఒప్పలేదు. ఎవరూ లేనప్పుడు సూది కాల్చి ఒక్కో బెజ్జాన్ని పెద్దది చేసింది. మోటారు దగ్గరి సాళ్లు నీళ్లు నిలిచి కుళ్లిపోయాయి, చివరి సాళ్లు ఎండిపోయాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్లకు ఆ పూట అన్నం ఉండదు.

"అత్తా, డ్రిప్పు పైపులకు బెజ్జాలు ఎవరు పెద్దగ చేసిన్రు?" అన్నాను.

నాన్న మెల్లగా బయటికి జారుకున్నాడు. అత్త కళ్లు తెరిచింది.

"గిప్పుడు గదెందుకే?"

"మొదటి సాళ్లు ఏమైనయ్?"

అత్త దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "మురిగినయ్" అంది చివరికి.

"చివరి సాళ్లు?"

"ఎండినయ్."

"కంపెనీ గోలీ డ్రిప్పు. అమ్మ రోట్లో నూరినప్పుడు దానికి సూది పెట్టినట్టే. పొద్దున నీ గుండె మురిగింది, మధ్యాహ్నం నీ ఊపిరి ఎండింది. నేను చేసిన గోలీ, ఎవరూ సూది పెట్టకుండానే బెజ్జాలు పెద్దగయిన పైపు. అందుకే అది పనికిరాదు."

ఆమె రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసింది. ఆ జిగురు గోలీని వేళ్లతో బయటికి తీసి నొక్కింది. తర్వాత చెయ్యి చాపింది. నేను కొత్త గోలీ పెట్టాను. మా అందరినీ శపిస్తున్నట్టు మొహం పెట్టి, గటగటా నీళ్లు తాగి మింగేసింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయాసం రాలేదు. సాయంత్రం కూడా రాలేదు. ఆమె మాత్రం చేతులు చాపి చూసుకుంటూ, వణకట్లేదని ఒకటే సణిగింది.

వారంలో మనిషి తేరుకుంది. పీల్చే మందు కూడా మొదలుపెట్టింది, ఎవరూ చూడకుండా గోడ వైపు తిరిగి. నేను కాలేజీకి వెళ్లే ముందు రోజు వరండాలో కూర్చుని థీసిస్ సారాంశం దిద్దుకుంటున్నాను. అత్త పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఆమెకు ఇంగ్లీషు రాదుగానీ అంకెలు వచ్చు. కాగితం మీద వేలు పెట్టింది.

"గిది పన్నెండే గద?"

"అవ్."

"ఏంది పన్నెండు?"

"గోలీ నిలిచే గంటలు."

"ఎవలది?"

"నాది."

ఆమె చేతిలోని కాయకు తొడిమ తీసి, బుట్టలో వేసి, ఇంకోటి అందుకుంది. గొంతులో కోపం లేదు. "మా పత్తి ప్యాకెట్ మీద గూడ గిట్లనే కాయల బొమ్మ ఉండె" అంది.

నేను మర్నాడు ఖమ్మం వెళ్లి సారాంశంలో పన్నెండు కొట్టేసి గంటన్నర అని రాశాను. థీసిస్ పేరులో 'భావి' కొట్టేశాను, రోగనిరోధక చికిత్స కూడా దాంతోనే పోయింది. సారు తల పట్టుకున్నాడు. "ఏమ్మా, ఫెయిలైన గోలీకి డిగ్రీ ఎవరిస్తారు? సీనియర్ల గ్రాఫులున్నాయి, చూసి వేసుకోవచ్చు కదా" అన్నాడు. ఆయన గొంతులో నా మీద నిజమైన జాలి ఉంది. నా పక్కన కూర్చునే పిల్ల అయితే నాకేదో ఇంట్లో కష్టం వచ్చి మతి చలించిందని హాస్టలంతా చెప్పింది.

ఆ ఏడు మా కాలేజీలో అందరి గోలీలూ పన్నెండు గంటలు నిలిచాయి, నాది తప్ప. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి వరసగా నిలబడ్డ గోలీలన్నీ చూసి, నా దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు సర్దుకుని, ఎందుకు విడిపోయిందని అడిగాడు. బంకలో చెట్టు బెరడు కలవడం గురించి, మిషన్ బిగువు చాలకపోవడం గురించి నాకు తెలిసింది చెప్పాను. మిగతావాళ్లను ఆయన ఏమీ అడగలేదు, అడగాల్సినవేమీ వాళ్ల దగ్గర జరగలేదు. నాకు పాస్ మార్కులు వేసి వెళ్లిపోయాడు.

నేను ఇంటికి వెళ్లేసరికి అత్త కల్లంలో నిలబడి బస్తాలు కుట్టిస్తోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కూలీల మీద గట్టిగా అరుస్తోంది. అంత గొంతు విని ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు చెమర్చాయి, మిర్చి ఘాటు అనుకుంటారులే అని మొహం తిప్పుకున్నాను.

"పాసైనవా?" అంది అక్కడి నుంచే.

"అయిన."

"ఎంతసేపు నిలిచిందని చెప్పినవ్?"

"గంటన్నర."

అత్త ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, నన్ను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది.

"అయితే అసలే" అంది.